రెండు నందనల మధ్య నాన్న

మా నాన్న రెండు నందనలు చూశాడు. మొదటిది 1952–53. రెండోది 2012–13. అరవయ్యేళ్లకోసారి తిరిగొచ్చే ఆ సంవత్సరమంటే కృష్ణ పడమటి డెల్టాలో పాతకాలపు రైతులకు లోపల్లోపల ఒక బెదురు ఉండేది. ఆ బెదురు ఇంకా వెనకటిది. 1832–33 నందనలో గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన కరువును జనం నందన కరువనీ, డొక్కల కరువనీ తరతరాలుగా చెప్పుకున్నారు. కృష్ణ నిండుగా సముద్రంలోకి పోతున్నా పక్కనున్న పొలానికి చుక్క నీరు ఎక్కని కాలమది. అన్ని ప్రాణాలు పోయాక ఇరవయ్యేళ్లకు గానీ కుంపిణీ దొరతనం కదల్లేదు. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1855కి ముగించారు. గోదావరి వాళ్లు కాటన్ దొరను దేవుణ్ణి చేసుకున్నారు. మా ఆనకట్టను దగ్గరుండి కట్టించిన కెప్టెన్ ఓర్ పేరు మాత్రం మా ఊళ్లో ఎవరికీ పట్టలేదు. నాన్నకు తెలుసు. కాలవ గట్టున కాళ్లు కడుక్కుంటూ, ‘ఓర్ దొరా, నీ చలవ’ అని నీళ్లకు దణ్ణం పెట్టేవాడు. సగం వేళాకోళం, సగం నిజం.

నాన్న ఎప్పుడూ అంత సంతోషంగా ఎలా ఉండేవాడని మా ఇంట్లో ఎవరినడిగినా ‘ఆయన పుట్టుకే అంత’ అంటారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. స్వభావం సగమే. మిగతా సగం వేళకు వచ్చిన కాలవది, అప్పులేని పొలానిది, ఇంట్లోనే దొరికిన విత్తనానిది, మా అమ్మ నడుముది, పల్లె నుంచి వచ్చి ఊడ్చి కోసిపెట్టిన ఆడవాళ్ల నడుములది. ఈ లెక్క కట్టకుండా ఆయన్ని తలచుకుంటే ఆయన నవ్వు గాలిలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. అందుకే ఆయన బతుకును ఆ నేల కథతో కలిపి చూడాలనిపించింది.

ఆయన పుట్టింది శ్రీముఖలో, 1933లో. ధాన్యం ధర పాతాళానికి పడిపోయి శిస్తు కట్టడానికి మెళ్లో పుస్తెలు తాకట్టుకు పోతున్న రోజులు. నిడుబ్రోలులో ఎన్.జి. రంగా రైతు విద్యాలయం పెట్టింది కూడా ఆ ఏడాదే. మా ఊరి నుంచి నిడుబ్రోలు నడిచిపోయేంత దూరం. తాతయ్య అక్కడ సభలు వినొచ్చి ఇంట్లో మళ్లీ ఉపన్యాసం ఇచ్చేవాడట. అంతకు పదేళ్ల ముందు, 1921–22లో, పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన పన్నుల నిరాకరణ ఆయన జ్ఞాపకంలో ఇంకా వేడిగా ఉండేది. శిస్తు కట్టనని గవర్నమెంటుకు చెప్పిన రైతులు ఉండేవాళ్లని వింటూ పెరిగిన పిల్లవాడు మా నాన్న. రాజకీయం మాత్రం అంటలేదు. థర్డ్ ఫారంతో చదువు ఆపేసి ఏడెకరాల మాగాణిలోకి దిగాడు. అది ఆయన ఇష్టపడి దిగడమే. బడికంటే ఎద్దులు నయమని, అవి ప్రశ్నలు అడగవని చెప్పేవాడు.

మొదటి నందన వచ్చేసరికి ఆయనకు పంతొమ్మిదేళ్లు. 1952లో వరద మీదొచ్చి నూరేళ్లనాటి ఆనకట్టకు గండి పడింది. ఊళ్లో ముసలివాళ్లు ‘నందన కదా, చెప్పానా!’ అని తలలూపారు. నాన్న నిడుబ్రోలులో రైలెక్కి బెజవాడ వెళ్లి చూసొచ్చాడు. ఏం చూశావంటే ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: నది తనదారిన తను పోతోంది, దాన్ని ఆపుతున్నామన్న సంగతి దానికి తెలియనే తెలియనట్టు. ఆ డిసెంబరు 15న మద్రాసులో పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచారు. రైళ్లు ఆగిపోయాయి. మరుసటి అక్టోబరుకు ఆంధ్రరాష్ట్రం వచ్చింది, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. పాత ఆనకట్ట ఎగువన కట్టిన కొత్త బ్యారేజీ 1957లో ఆయన పేరుతో నిలబడింది. అదే ఏడు మేలో ఆయన పోయారు. దాదాపు 13 లక్షల ఎకరాల డెల్టాకు మళ్లీ భరోసా దొరికింది. మా నాన్న కాపురం మొదలైంది కూడా ఆ భరోసాతోనే. జూన్‌లో కాలవ వదిలేవాళ్లు, ఏప్రిల్‌లో కట్టేసేవాళ్లు. ఈ రెండు తారీకుల మధ్య మనిషి భయం లేకుండా బతకొచ్చు. మెట్ట రైతుకు ఆ అదృష్టం లేదు. వాడి కళ్లు ఎప్పుడూ ఆకాశం మీదే. మాగాణి రైతుకు గట్టు మీద కూర్చుని కాళ్లాడించే తీరిక ఉంటుంది. నాన్న హాస్యమంతా ఆ గట్టు మీద పుట్టిందే.

ఆయన్ని దగ్గరగా చూడాలంటే మినుము చల్లే రోజున చూడాలి.

మా వైపు వరి కోశాక దుక్కి దున్ని మినుము వేయరు. కోతకు రెండు మూడు రోజుల ముందు, చేను ఇంకా నిలబడి ఉండగానే, దాంట్లోనే గింజ చల్లేస్తారు. నేలలో మిగిలిన తడికి మొలుస్తుంది, మంచుకు పెరుగుతుంది, సంక్రాంతి దాటాక కాయ పడుతుంది. మరో తడి అక్కర్లేదు. అయితే పదును కుదరాలి. నాన్న మడమతో చూసేవాడు. మడమ నొక్కితే గుంట పడాలి, ఆ గుంటలో నీరు ఊరకూడదు. ఊరితే గింజ కుళ్లిపోతుంది. గుంటే పడకపోతే మొలవదు. మూడు మడులకు మూడు రకాల పదును ఉంటుంది, పల్లం మడి రెండు రోజులు వెనక. అందుకని ఆ వారమంతా ఆయన చెప్పుల్లేకుండానే తిరిగేవాడు.

తెల్లారకముందే లేచి, పంచె ఎగ్గట్టి, ఒళ్లో గింజలు పోసుకుని చేలోకి దిగేవాడు. వెన్నులు బరువుకు వాలి ఉంటాయి, మంచు కారుతుంటుంది. ఎడమచేత్తో వెన్నులు రాలకుండా పక్కకు తీస్తూ కుడిచేత్తో విసరాలి. గింజ వెన్నుల మీద పడి ఆగిపోకుండా మొదళ్లలోకి జారాలి. దానికి మణికట్టులో ఒక విరుపు ఉంది. మా అన్నయ్యకు అది పట్టుబడింది, నాకు పట్టుబడలేదు. చేను ఆ చివర తేలేసరికి మోకాళ్ల దాకా బురద, భుజాల దాకా తడి, జుట్టునిండా వరినుసి. గట్టెక్కి వెనక్కి చూసి, ‘దాచేశానురా, ఎక్కడ దాచానో చెప్పుకో చూద్దాం’ అనేవాడు పిల్లలతో. కోత అయి పనలు ఆరుతుంటే వాటి సందుల్లోంచి పచ్చగా మొలకలు తొంగిచూసేవి. అవి మొదటిసారి కనిపించిన రోజున ఆయన చేసే హడావుడి మా పుట్టినరోజులకు కూడా చేయలేదు. ఊళ్లో కనపడ్డవాడినల్లా చెయ్యిపట్టుకుని తీసుకెళ్లి చూపించేవాడు, వాళ్ల చేలోనూ అవే మొలకలున్నా సరే.

ఏప్రిల్‌లో కాలవ కట్టేశాక ఆయనకు మరో పండగ. మడుగుల్లో నిలిచిన నీళ్లలో కొర్రమీనులు. చేత్తో పట్టడం ఆయనకు పంతం. సగం సార్లు చేప జారిపోయేది, ఆయన బురదలో పడేవాడు, ఒడ్డునున్న వాళ్లకంటే ముందు తనే నవ్వేవాడు. ఎండాకాలం వెంట్లు పేనడం, పురి కట్టడం. వరిగడ్డిని లావుపాటి తాడులా పేని, చుట్లు చుట్లుగా పేర్చి, లోపల ధాన్యం పోసి, మీద గొడుగులా గడ్డి కప్పితే అదే పురి. మా వాకిట్లో పురి ఎంత ఎత్తుందో చూసి ఆ ఏటి పంటను ఊరంతా కొలిచేది. నాన్న లోపల తాలు పోసి ఎత్తు చూపిస్తాడని ఒక మేనమామ పుకారు లేవదీశాడు. నాన్న ఖండించలేదు. ‘పోసింది సగమే’ అన్నాడు.

1966 చివర్లో ఫిలిప్పీన్స్ నుంచి ఐ.ఆర్.8 వచ్చింది. మరుసటేడు పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపించేసరికి డెల్టా అంతటా అదే కబురు. అంతవరకూ మా చేలల్లో అక్కుళ్లు, కృష్ణకాటుకలు. ఎత్తుగా పెరిగి కార్తీకం గాలికి పడిపోయే రకాలు. ఎరువు వేస్తే ఇంకా ముందు పడిపోయేవి. పొట్టి రకం పడిపోదు, వేసిన యూరియా అంతా గింజకు పెడుతుంది, దాని గుట్టంతా అదే. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలారు, మెట్ట ఊళ్లలోనూ వరి మొదలైంది. కొత్త విత్తనం, కొత్త నీళ్లు ఒకేసారి వచ్చి పడ్డాయి. నాన్న తొందరపడలేదు. ఒక మడిలో వేసి చూశాడు. బస్తాల లెక్క చూసి కళ్లు తిరిగాయి గానీ మూడు ఫిర్యాదులు చేశాడు: గడ్డి పొట్టి, ఎద్దులకేం వేస్తాం? ఇల్లేం కప్పుతాం? మూడోది అమ్మ తరఫున. అన్నం వేడిమీద తినొచ్చు, చల్లారితే రాళ్లు. చద్దన్నం మీద నడిచే ఇంట్లో అది చిన్న సంగతి కాదు. చివరికి అమ్ముకోవడానికి ఐ.ఆర్.8, తినడానికి అక్కుళ్లు అని రాజీ కుదిరింది. డెల్టాలో చాలా ఇళ్లలో అదే రాజీ.

హరిత విప్లవం అని పేపర్లు పేరుపెట్టిన ఆ మార్పు మా చేలోకి పచ్చగానే వచ్చింది, వెనకాలే సుడిదోమనూ తెచ్చింది. చేను నడుమ సుళ్లుసుళ్లుగా ఎండిపోయేది, నిప్పు పెట్టినట్టు. బీహెచ్‌సీ పొడి, ఎండ్రిన్ ఇంట్లోకి వచ్చాయి. అప్పటిదాకా మా ఇంట్లో తాళం వేసి దాచాల్సిన వస్తువే లేదు, పురుగుమందు డబ్బా మొదటిది. 1969లో అన్నదాత పత్రిక మొదలయ్యాక నాన్న దాన్ని గట్టుమీద పైకి చదివి నలుగురికీ వినిపించేవాడు, మధ్యమధ్య తన వ్యాఖ్యానం కలిపి. ఆయన వ్యాఖ్యానం ఏదో పత్రిక చెప్పిందేదో తెలియక ఒకాయన ఎకరం చెడగొట్టుకున్నాడని ఇప్పటికీ చెబుతారు.

అక్కడినుంచి రకాలు వరసగా వచ్చాయి. మలేషియా నుంచి వచ్చిన మసూరి, మారుటేరు నుంచి 1982లో స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో బీపీటీ 5204. ఈ చివరిదాన్నే దేశమంతా సాంబా మసూరి అంటోంది, కర్నూలు వాళ్లు తమ ఊరి సోనా అంటున్నారు. పుట్టింది మాత్రం మా పక్కనే. నాన్న దీంతో ప్రేమలో పడ్డాడు. అక్కుళ్ల తర్వాత అమ్మ నోట మంచిమాట అనిపించుకున్న బియ్యం ఇదొక్కటే. హైబ్రిడ్ కాదు కాబట్టి విత్తనం ఇంట్లోనే దాచుకోవచ్చు. కల్లంలో అందరికంటే ముందు ఆయన చేసే పని విత్తనపు పనలు వేరు చేయడం. మంచి వెన్నులు ఏరి, విడిగా నూర్చి, వేపాకు కలిపి అటక మీదికెక్కించేవాడు. ఏటేటా విత్తనం కొనుక్కునే మెట్ట రైతుల కష్టం చూశాక, ఆయన నిబ్బరంలో ఆ అటకకు ఎంత వాటా ఉందో అర్థమైంది.

1977 నవంబరు 19 గురించి ఆయన ఎప్పుడూ తనంతట తాను మాట్లాడలేదు. ఉప్పెన దివిసీమ మీద పడింది. పదివేలమందికి పైగా పోయారు. మాకు గాలి, వాన. కోతకొచ్చిన చేను మొత్తం నేలకు అతుక్కుపోయింది, పశువుల కొట్టం లేచిపోయింది. మూడోనాడు దారులు తెరుచుకున్నాక ఊళ్లో కొందరు బియ్యం, పాత బట్టలు పోగుచేసుకుని పెనుమూడి రేవు దాటి అవతలికి వెళ్లారు. నాన్న వారం తర్వాత తిరిగొచ్చాడు. స్నానం చేశాడు. మళ్లీ స్నానం చేశాడు. ఆ ఏడు పడిపోయిన చేలో మొలకెత్తిన గింజల్ని ఏరుకుంటూ ఒక్క మాటా ఆడలేదు. సంక్రాంతికి ఇంట్లో పిండివంటలు వద్దన్నాడు. ఆయన నవ్వు ఆగిపోవడం నేను చూడ్డం అదే మొదలు.

రెండోసారి ఆగిపోయింది 1991 ఆగస్టులో. ఆ నెల 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను వెంటాడి చంపారు. ఆ ఊరు మాకు దూరమేమీ కాదు. పొలాలకు ఒకటే కాలవ, ఒకటే మురుగు కాలవ. ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే పెట్టారు, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. నాన్న వీరుడేం కాదు. రచ్చబండ మీద ఎవరినీ నిలదీయలేదు. ఆయనలో కనిపించిన మార్పు చిన్నది. అంతకుముందు ఊడ్పులకు దళితుల పల్లెకు కబురంపేవాడు. ఆ తర్వాత తనే నడిచివెళ్లి అడిగేవాడు, ముంగిట్లో నిలబడి. ‘ఇన్నాళ్లూ మన సరదాలన్నీ వాళ్ల చేతులమీద జరిగాయి’ అని అమ్మతో ఒకసారి అనగా విన్నాను.

ఆ చేతుల సంగతి ఇక్కడే చెప్పాలి. నాన్న గట్టు మీద వేసే జోకులకు బురదలో వంగి ఊడ్చే ఆడవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. నా చిన్నతనపు వర్షాకాలాలకు ఆ నవ్వులే నేపథ్య సంగీతం. ఆ ముఠాకు పెద్దగా ఉండే ఆమెను చాలా ఏళ్ల తర్వాత అడిగాను, మా నాన్న మాటలు నిజంగానే అంత నవ్వొచ్చేవా అని. ఆమె కాసేపు ఆలోచించి, ‘మీ నాయన నవ్విస్తే నడుము నొప్పి తగ్గేదా బాబూ? తిట్టే కామందుల కంటే నయం, అంతే’ అంది. ఇంతకంటే సరైన కితాబు ఆయనకు ఎవరూ ఇవ్వలేదని నా నమ్మకం. అమ్మ లెక్క మరోటి. ఆయన చద్దన్నం గిన్నె పట్టుకుని పాడుకుంటూ పొలం వెళ్లేవాడని అందరూ మురిపెంగా చెబుతారు. ‘ఆ గిన్నెలోకి పెరుగు రావాలని నేను తెల్లారి నాలుగింటికి లేచేదాన్ని’ అంటుంది అమ్మ. పాలు, పేడ, కూలీలకు వంట, ధాన్యం ఆరబోత, కోళ్లు. మధ్యాహ్నం పూట గట్టు మీద కూర్చున్న జ్ఞాపకం అమ్మకు ఒక్కటీ లేదు.

ఎనభైల్లో ప్రపంచం ఊరిలోకి గబగబా వచ్చింది. 1983లో రెండు రూపాయల బియ్యం, 1984లో కరణం మునసబుల పదవులు రద్దు, ఆ వెంటనే మండలాలు. కరణంగారి ఇంటిముందు నిలబడే అలవాటు పోయినందుకు నాన్న రెండు రోజులు సంబరపడ్డాడు, కొత్త ఆఫీసు ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు మానేశాడు. 1987–88లో గుంటూరు, ప్రకాశం మెట్టల్లో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి, ఆ మందే తాగి చనిపోయిన రైతుల వార్తలు మొదటిసారి అప్పుడే పేపర్లలో వరసగా వచ్చాయి. మా పెదనాన్న అల్లుడొకాయన పత్తి పెట్టి పొలం పోగొట్టుకుని, తుంగభద్ర ఆయకట్టులో మనవాళ్ల క్యాంపుల్లో కౌలుకు వెళ్లిపోయాడు. నిజాంసాగర్ కింద మొదలైన గుంటూరు వలసలు అప్పటికి సింధనూరు, గంగావతి దాకా పాకాయి. ఇంకా పత్తి వేయమని నాన్నకు సలహాలిచ్చిన వాళ్లున్నారు. ‘నా చేను ఈతకొట్టే చేను, దానికి పత్తేంటి’ అని తోసేశాడు.

ఎద్దుల్ని అమ్మింది ఆ రోజుల్లోనే. ఇనుప చక్రాల ట్రాక్టరు వచ్చి అరపూటలో దమ్ము చేసి పోతుంటే జతను మేపడం దండగని అన్నయ్య పోరాడాడు. ఒంగోలు జత. కొన్నవాడు నిడుబ్రోలు దాటేదాకా నాన్న వెంట నడిచాడని, వాడికి వాటి తిండి, అలవాట్లు, ఏది ఎడమకాడికి మొరాయిస్తుందో అన్నీ అప్పజెప్పి వచ్చాడని ఊరంతా చెప్పుకుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ‘ట్రాక్టరుతో మాట్లాడటం ఎవరైనా నేర్పుతారేమో కనుక్కోండి’ అన్నాడు.

మినుముకూ గడ్డుకాలం వచ్చింది. లాం ఫారం నుంచి మంచి రకాలు వచ్చినా పల్లాకు తెగులు చేను చేనంతా పసుపు చేసేసేది. బంగారు తీగ అనే కలుపు పచ్చగా అల్లుకుని మొక్క రసం పీల్చేసేది. పేరు మాత్రం పెళ్లికూతురి నగలా ఉంటుంది. రెండువేల తర్వాత తెనాలి చుట్టుపక్కల రైతులు వరి దుబ్బుల మధ్యే, దున్నకుండా, మొక్కజొన్న గుచ్చడం మొదలుపెట్టారు. డబ్బులొచ్చాయి. నాన్న ఒక్క ఎకరం మినుముకు ఉంచుకుని మిగతాది అన్నయ్యకు వదిలేశాడు. ఆ ఎకరం నష్టానికే పండేది. ఆయన మడమకు పని కావాలి కదా.

ఆలమట్టి కట్టాక కృష్ణ పాత కృష్ణ కాదు. బచావత్ ట్రిబ్యునల్ పంపకాలు కాగితం మీద ఉన్నాయి, వాన కాగితం చూసి పడదు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి, ఎన్నికలు వచ్చాయి, పార్టీలు వచ్చాయి. నీళ్లే రాలేదు, 2002 నుంచి వరసగా కొన్నేళ్లు. జూన్‌లో వదలాల్సిన కాలవ ఆగస్టు దాటినా ఎండి ఉంటే డెబ్బయ్యేళ్ల మనిషి రోజూ పొద్దున లాకుల దాకా నడిచి వెళ్లి చూసి వచ్చేవాడు. నా చిన్నప్పుడు ఆయన ముఖంలో ఎన్నడూ చూడని మెట్ట రైతు చూపు, ఆకాశం వైపు చూసే చూపు, ఆ ఏళ్లలో వచ్చింది. జోకులు తగ్గాయి. ఉన్నవాటిలో కూడా కాస్త చేదు చేరింది. అప్పుడే నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది, ఆ నవ్వుకు బెజవాడలో ఒక తలుపు ఉందని.

రెండో నందన, 2012. కాలవకు నీళ్లు ఆలస్యం, ఊడ్పులు ఆలస్యం, చేను పొట్టమీద ఉండగా నవంబరు మొదట్లో నీలం తుపాను వానలు. ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ నాన్న నీళ్లు నిలిచిన చేను చూసి ‘ఇదీ మర్యాద. పిలవకపోయినా అరవయ్యేళ్లకు గుర్తుపెట్టుకుని వచ్చింది’ అన్నాడు. మూడో నందన చూసే ఓపిక తనకు లేదని, 2072లో ఎవరైనా గట్టు మీద ఉంటే తన తరఫున పలకరించమని మనవలకు అప్పగింతలు పెట్టాడు. మనవలు అప్పటికే డాలస్‌లో, హైదరాబాదులో.

రాష్ట్రం రెండయింది. 2015లో రాజధాని కోసం ఎగువన 29 ఊళ్లలో భూములు సమీకరించారు. మాగాణి, తోటలు, మూడు పంటలు పండే నేల. అక్కడ మా చుట్టాలు ప్లాట్ల పత్రాలు చూపిస్తే నాన్న కళ్లజోడు తుడుచుకుని చదివి, ‘ఇందులో ఏ కారు పంట వేస్తార్రా?’ అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు, ఆయనకు తప్ప. అదే ఏడు పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు తోడి కృష్ణలో కలపడం మొదలైంది. మరుసటి జూలైలో మా కాలవలోకి ఎర్రటి నీళ్లు వచ్చాయి. అన్నయ్య మోటార్ సైకిల్ వెనక కూర్చుని వెళ్లి చూశాడు. దోసిలితో తీసుకుని తాగి, చప్పరించి, ‘గోదారి వాళ్ల వెటకారం తగులుతోంది’ అన్నాడు. ఓర్ దొర పక్కన కాటన్ దొరను కూడా చేర్చి దణ్ణం పెట్టాడట.

2017 మాఘంలో పోయాడు. జబ్బు పెద్దదేమీ లేదు. ఆ ఏడు ఎకరం మినుము బాగా కాసింది.

ఇప్పుడు పొలం కౌలుకిచ్చాం. చేస్తున్నది ఆ ఊడ్పుల ముఠాకు పెద్దగా ఉండే ఆమె కొడుకు. డిగ్రీ చదివాడు, ఫోనులో వాతావరణం చూస్తాడు, కోత మిషను బుక్ చేస్తాడు. ఊడ్పులకు ఇప్పుడు ఒక్కోసారి బెంగాల్ నుంచి వచ్చిన ముఠాలు దిగుతున్నాయి. ఇతనికి కాలవ ఉంది, గోదావరి కూడా తోడైంది. మా నాన్నకున్న మిగతావి లేవు. నేల తనది కాదు. పండినదాంట్లో సగానికి దగ్గరగా కౌలుకే పోతుంది. మొక్కజొన్న విత్తనం ఏటా కొనాలి. బ్యాంకు అప్పు కోసం 2011లో రుణ అర్హత కార్డులన్నారు, 2019లో సాగు హక్కు పత్రాలన్నారు. ఆ పత్రానికి భూమి యజమాని సంతకం కావాలన్నారు. అన్నయ్య పెట్టాడు. ఊళ్లో చాలామంది పెట్టలేదు, సంతకం పెడితే భూమి పోతుందని భయం. అతను సరదా మనిషే. కానీ గట్టు మీద కూర్చుని ఉండగా నేనెప్పుడూ చూడలేదు. కౌలుకు తీసుకున్న మూడు పొలాల మధ్య బండి మీద తిరుగుతుంటాడు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన చేలు, కోసిన పనలు అన్నీ నీళ్లలో. అతను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అన్నయ్య ఫోనులో హైదరాబాదు నుంచి, నేను అమ్మ పక్కన. కౌలు సంగతి ఏం చేద్దామన్నాడు. మేమిద్దరం నీళ్లు నములుతుంటే అమ్మ అందుకుంది. ‘ఆ మనిషి ఉంటే మొత్తం వదిలేసి నవ్వేవాడు. తర్వాత ఇల్లు గడపడం నా వంతు అయ్యేది. నేను సగం వదులుతా. మిగతా సగం మొక్కజొన్న మీద ఇయ్యి’ అంది. అతను సరేనన్నాడు. పోతూపోతూ గుమ్మం దగ్గర ఆగి, వచ్చే ఏటికి ఎకరానికి రెండు బస్తాలు తగ్గించమని కూడా అడిగాడు. సంక్రాంతి పోనియ్యి, కూర్చుని మాట్లాడుకుందాం అంది అమ్మ.